లైట్లు వెలగకముందు కోసిన ఆకులు

ఫిబ్రవరి 11, మంగళవారం

మా రీసెర్చ్ పిల్ల పిచ్చుక ఇవాళ నా బల్ల మీద ఒక ఆకు పెట్టి, "కొరికి చూడండి మేడమ్" అంది. ల్యాబ్‌లో ఏదీ నోట్లో పెట్టుకోకూడదన్న కాగితం నా సంతకంతో తలుపుకే అంటించి ఉంది. సరిగ్గా దాని కిందే నిలబడి అడుగుతోంది.

"ఏముంది ఇందులో?"

"పులుపు. తెల్లవారుజామున ఐదుంపావుకి కోశాను, లైట్లు వెలగకముందే. అప్పటినుంచి ఐసు డబ్బాలో చీకట్లోనే ఉంది. మొండిది పుల్లబడింది మేడమ్!"

మొండిది అంటే గ్రోత్ రూమ్‌లో, వేళకి వెలిగి ఆరే లైట్ల కింద మేం పెంచే మొక్క. దళసరి ఆకులు, చేయంత ఎత్తు, ఎవరూ పట్టించుకోని కలుపు. నీళ్ళు ఆపేస్తే దాని చుట్టాలన్నీ పద్ధతి మార్చుకుంటాయి. పగలు ఆకు రంధ్రాలు మూసేసుకుని రాత్రి తెరుస్తాయి. చల్లని వేళ గాలి తీసుకుని దాన్ని పులుపుగా దాచుకుంటాయి, తెల్లారాక తలుపులేసుకుని ఆ దాచుకున్నదాన్ని కరిగించుకుంటూ వండుకుంటాయి. అందుకే వాటి ఆకు పొద్దున పులుపు, సాయంత్రానికి చప్పన. మా మొక్క మాత్రం ఎండి చస్తుందే గానీ మారదని పదహారేళ్ళ క్రితం నేను రాశాను. అప్పుడు మా గైడ్ సార్ పెట్టిన పేరు మొండిది. నా ఉద్యోగం, నా పేరు, ఈ గది, ఈ బల్ల, అన్నీ ఆ "మారదు" మీద నిలబడ్డవే.

పిచ్చుకకి కూడా పేరు పెట్టింది సారే. మూడేళ్ళ క్రితం ఇంటర్వ్యూలో కాళ్ళు నేలకి ఆనక కుర్చీ అంచున కూర్చుని ఊపుతూ, అడిగిన దానికీ అడగని దానికీ జవాబు చెప్పింది.

"పులుపు కొలిచిన బ్యూరెట్ సరిగ్గా కడిగావా?"

"మూడుసార్లు. ఇవాళ నా మొహం కూడా అన్నిసార్లు కడుక్కోలేదు."

"మళ్ళీ చెయ్యి."

"చేస్తాను. కానీ మేడమ్, నిజంగానే మారుతుంటే?"

"మారదు."

"మా అమ్మ కూడా మా నాన్న గురించి అలాగే అనేది. యాభై దాటాక ఆయన వంట నేర్చుకున్నాడు."

నవ్వొచ్చింది. నవ్వలేదు. మార్చి పద్నాలుగున ఈ పిల్ల కమిటీ ముందు కూర్చోవాలి. ఏదో ఒక గట్టి ఫలితం చూపిస్తేనే ఫెలోషిప్ ఇంకో ఏడాది. లేకపోతే మూడేళ్ళ పనీ మూటగట్టుకుని ఇంటికి పోవడమే. అలాంటప్పుడు ఇలాంటివి తెస్తే ఎలా?

ఆకు కొరకలేదు. నియమం నియమమే.

ఫిబ్రవరి 12

మొండిది మారదు. అప్పటివి నలభై ఎనిమిది మొక్కలు, మూడు విడతలు. నా చేత్తో కోసినవే.

ఫిబ్రవరి 15, శనివారం

మా అమ్మాయికి సోమవారం పరీక్ష. పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పడేసి, "నీ జీతం దీనికేగా, చెప్పు" అంది. పదహారేళ్ళకి నోరు ఇలా ఉంటే ముందు ముందు ఎలాగో.

చెప్పాను. ఆకులో ఒక ఎంజైమ్ ఉంటుంది, దాని పని కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకోవడం. కానీ పాపం చూపు ఆనదు. ఆక్సిజన్ ఎదురొస్తే దాన్నీ పట్టేసుకుంటుంది. వేడి పెరిగేకొద్దీ ఈ పొరపాటూ పెరుగుతుంది. ఆ పొరపాటు దిద్దుకోవడానికి మొక్క తన కష్టార్జితంలోంచే ఖర్చు పెట్టాలి. ఒక్కోసారి పావు వంతు అందుకే పోతుంది.

"మరి అంత పనికిమాలినదాన్ని ఎందుకు పెట్టుకుంది?"

"వేరేది దొరకలేదు. కోట్ల ఏళ్ళ నుంచీ ఇదే."

"మా ప్రిన్సిపాల్‌లాగా."

"జాగ్రత్తమ్మోయ్, నేను పనిచేసేదీ అదే స్కూల్లో" అన్నారు ఈయన పేపర్ చాటునుంచి.

తర్వాత మొక్కజొన్న గురించి చెప్పాను. అది ఆకు లోపల ఇంకో గది కట్టుకుంది. బయటి గదిలో చూపు బాగా ఆనేవాడొకడు కార్బన్‌ని పట్టి లోపలికి తోస్తూ ఉంటాడు. లోపల ఈ చూపులేనివాడి చుట్టూ అంతా కార్బనే, ఇక తప్పు చెయ్యడానికి వాడికి పెద్దగా వీలుండదు. ఎడారి మొక్కలు గది బదులు వేళ మార్చుకున్నాయి. రాత్రి తెచ్చుకోవడం, పగలు వండుకోవడం.

"అంటే ఎవరూ ఆ ఎంజైమ్‌ని బాగుచెయ్యలేదు. అది తప్పు చెయ్యకుండా చుట్టూ ఏర్పాట్లు చేసుకున్నారు, అంతేగా? నువ్వు కళ్ళజోడు మర్చిపోతావని నాన్న నాలుగు గదుల్లో నాలుగు పెట్టినట్టు."

అంతే. నేను పదిహేనేళ్ళుగా క్లాసులో చెప్పేదాన్ని అది అరనిమిషంలో చెప్పేసింది. సంతోషించాలి కదా? పుస్తకం మూసేసి వెళ్ళిపోతే బాగుండుననిపించింది.

ఫిబ్రవరి 19, బుధవారం

పిచ్చుక మళ్ళీ చేసింది. మళ్ళీ అదే.

కాగితాలు చూపిస్తూ, మాటల మధ్యలో అడిగింది. దురుద్దేశం ఏమీ లేదు, ఆ పిల్లకి అలాంటివి తెలియవు.

"మేడమ్, మీ పేపర్లో పద్ధతి మళ్ళీ చదివాను. లైట్లు వెలిగేది ఆరింటికి, ఐదు నుంచి ఆరులోపు నలభై ఎనిమిది మొక్కల ఆకులూ కోశారని ఉంది. ఒక్కరే ఎలా కోశారు? నాకు నా రూమ్మేట్ టార్చి పట్టుకుంటేనే గంటన్నర పడుతోంది. అందుకే నాలుగున్నరకే మొదలుపెడుతున్నాం. అదేదో చిట్కా నాకూ చెప్పండి, ఆ పిల్ల నన్ను రోజూ తిడుతోంది నిద్ర పాడుచేస్తున్నానని."

"అలవాటు" అన్నాను.

"అబ్బ! చేతులంటే మీవి మేడమ్."

ఫిబ్రవరి 20

గంటలో కొయ్యొచ్చు. కుదురుగా చేస్తే కొయ్యొచ్చు.

ఫిబ్రవరి 27, గురువారం

పిచ్చుక చేత పులుపు కొలతలో వాడే రంగు మందు మార్పించాను. క్షారం కొత్త సీసా తెప్పించాను. తూకం యంత్రాన్ని పరీక్షకి పంపించాను. అన్నీ బాగానే ఉన్నాయట. బాగున్నాయని వచ్చిన కాగితం చూసి నా మొహం వాడిపోయిందేమో, "పోనీ నేనే బాగోలేనేమో మేడమ్" అని నవ్వించబోయింది.

ఈమధ్య తను మాట్లాడటం తగ్గించింది. భోజనాల వేళ కూడా ల్యాబ్ నిశ్శబ్దంగా ఉంటోంది. మిగతావాళ్ళు హాయిగా ఉందంటున్నారు.

మార్చి 3, సోమవారం

సార్ పిలిచారు. నాకు గైడ్, ఇప్పుడు డిపార్ట్‌మెంట్ హెడ్. ఆ పేపర్ మీద నా పేరు పక్కన ఉన్న రెండో పేరు ఆయనదే.

"చూడమ్మా, ఇప్పుడు రెండు కొలతలున్నాయి. ఒకటి అచ్చయింది, ఒకటి కాలేదు. అచ్చు కానిదాన్ని పట్టుకుని ఆ పిల్ల కమిటీ ముందుకెళ్ళిందనుకో, వాళ్ళు మొదట అడిగేదేమిటి? తప్పు నీదా, మీ గైడ్‌దా? అప్పుడు ఏమంటుంది పాపం?"

"ఏమంటుంది సార్?"

"ఏమీ అనలేదు. అందుకే ముందే ఒక కాగితం రాసివ్వమను. నా కొలతల్లో లోపం కనిపించింది, ఈ సెట్ లెక్కలోకి తీసుకోవద్దు, మళ్ళీ చేస్తాను, గడువివ్వండి అని. ఒప్పుకున్నవాళ్ళని ఎవరూ ఏమీ అనరు. గడువిస్తారు. నువ్వు చెబితే వింటుంది."

అది ఆ పిల్ల మంచికే. నిజంగానే మంచికే. ఏడాది దొరుకుతుంది, నెమ్మదిగా చేసుకోవచ్చు. నేను పక్కనే ఉంటాను.

మార్చి 5, బుధవారం

చెప్పాను. తన నోట్‌బుక్ తెరిచింది.

"నా తప్పు ఎక్కడుందో మీకు దొరికిందా మేడమ్?"

"దొరకలేదు."

"నాకూ దొరకలేదు. దొరకని తప్పుని ఎలా రాయాలి?"

"తెలియని కారణం వల్ల అని రాయి."

రాసింది. "కారణం" దగ్గర పెన్ను ఆగింది. "మీరు చెబితే రాస్తాను. నాకంటే మీకే ఎక్కువ తెలుసు కదా" అంది. అందులో ఎత్తిపొడుపు ఉందా అని మొహంలోకి చూశాను. లేదు. ఉంటే బాగుండేది.

మార్చి 6

సెట్ కొట్టేశాక గ్రోత్ రూమ్ ఇంకొకళ్ళకి ఇవ్వాలి, అదీ నియమమే. ఖాళీ చేసినట్టు సంతకం పెట్టాను. మొక్కల్ని సంచుల్లో కుక్కి ఆవిరి పెట్టెలో ఉడకబెట్టారు. తలుపు తీసినప్పుడు గదంతా ఉడికిన ఆకుకూర వాసన. తాళాలాయన ముక్కు మూసుకుని, "ఇంత ఉప్పేస్తే అయిపోయేది తల్లీ" అన్నాడు. అందరూ నవ్వారు. పిచ్చుక లేదక్కడ.

మార్చి 10, సోమవారం

ఫిబ్రవరి 11న ఆకు కొరకలేదని రాశాను.

కొరికాను. పిచ్చుక నీళ్ళ సీసా నింపుకోవడానికి అటు తిరిగినప్పుడు. నిమ్మరసంలో వేలు ముంచి నాకినంత పులుపు. ఎక్కువ కాదు, కానీ పులుపే. నా డైరీలో నేనే అబద్ధం రాసుకున్నాను. ఇది చదివేది నేనొక్కదాన్నే. మరి ఎవరి కోసం రాశాను?

ఇంక రాసేస్తాను.

పాప అప్పుడు ఆర్నెల్లది. హాస్టల్ ఖాళీ చేసి ఊరి చివర అద్దెకి ఉండేవాళ్ళం. పాలిచ్చి, పడుకోబెట్టి, మొదటి బస్సెక్కితే గేటు దగ్గర దిగేసరికి ఆరూ యాభై. గ్రోత్ రూమ్‌లో లైట్లు ఆరింటికే వెలిగిపోయేవి. నేను ఏడింటికి మొదలుపెట్టేదాన్ని. ఒక్కదాన్నే, నలభై ఎనిమిది మొక్కలు. అయ్యేసరికి ఎనిమిదిన్నర.

మొండిది రాత్రంతా దాచుకున్న కాస్త పులుపూ ఆ వెలుతురులో కరిగిపోతూ ఉండేది, నేను కోస్తూ ఉండగానే. కరిగిపోయాక మిగిలినదాన్ని కొలిచి, అసలేమీ దాచుకోలేదని రాశాను.

లైట్ల వేళ మార్చమని అడగాల్సింది. ఆ గది నలుగురిది, అడిగితే ఎందుకని అడుగుతారు. పాప వల్ల పెందలాడే రాలేకపోతున్నానని చెబితే సార్ ఏమనేవారో తెలుసు. నాకంటే ముందు ఒకామెతో అన్నారు కూడా: "ఇంటికెళ్ళమ్మా, పిల్ల పెద్దదయ్యాక వద్దువుగాని." ఆమె మళ్ళీ రాలేదు.

నోట్‌బుక్‌లో వేళ రాసే గడి రోజూ ఖాళీగా వదిలేదాన్ని. చివర్లో ఒకనాడు కూర్చుని, ఒకే పెన్నుతో, పైనుంచి కిందిదాకా ఐదు–ఆరు, ఐదు–ఆరు అని నింపేశాను. అబద్ధం రాస్తున్నాననిపించలేదు. అక్కడ ఉండాల్సింది అదే కదా, అదే రాస్తున్నాననిపించింది. తర్వాత ఎన్నిసార్లు చదివానో. చదివి చదివి, ఐదింటికే వెళ్ళానని నమ్మాను. చీకట్లో టార్చి పట్టుకున్నట్టు కూడా గుర్తుంది. నా దగ్గర అప్పుడు టార్చి లేదు.

మార్చి 11, మంగళవారం

ఈయనకి చెప్పాను. దిద్దుతున్న పేపర్లు పక్కన పెట్టారు. లెక్కల మాస్టారు కాబట్టి మొదట లెక్కే అడిగారు.

"గంటా? రెండున్నర గంటలా?"

"మొదటి మొక్కకి గంట. చివరిదానికి రెండున్నర."

"మా పీరియడ్ నలభై నిమిషాలు. అంటే దగ్గర దగ్గర నాలుగు పీరియడ్లు. అంత ఆలస్యంగా వచ్చినవాడికి నేను హాజరు వెయ్యను." మళ్ళీ తనే, "చంకలో పసిపిల్ల ఉంటే వేసేవాడినేమో" అన్నారు.

"ఇప్పుడేం చెయ్యను?"

"చెప్పెయ్యి."

"చెబితే ఏమవుతుంది?"

"నాకేం తెలుసు? జవాబు పుస్తకం వెనకాల ఉండే లెక్కలే నాకొచ్చు." మళ్ళీ ఎర్ర పెన్ను తీశారు. "పేపర్ మీద ఆయన పేరు కూడా ఉంది, అది చూసుకో" అన్నారు, తలెత్తకుండా.

కమిటీ శుక్రవారం. ఇంకా రెండు రోజులుంది. రేపు చెబుతాను.

మార్చి 12, బుధవారం

సార్ ఊళ్ళో లేరు. తాళాలాయన్ని అడుగుదామని కిందికి వెళ్ళాను. అప్పుడూ ఇప్పుడూ గ్రోత్ రూమ్ తాళం ఇచ్చేది ఆయనే. ఎవరు ఎన్నింటికి తీసుకున్నారో రిజిస్టర్లో రాసి సంతకం పెట్టిస్తాడు.

"బాబాయ్, పాప పుట్టాక నేను మొదటి బస్సుకి వచ్చేదాన్ని, గుర్తుందా?"

"గుర్తులేకేం? పైట తడిసిపోతే ఎవరూ చూడకుండా తెల్లకోటు తొడుక్కునేదానివి, ఎంత ఎండలోనైనా."

"రిజిస్టర్లో ఏడని ఉంటుందిగా?"

నావైపు వింతగా చూశాడు. "ఏడని ఎందుకు వేస్తాను? ఐదనే వేశాను. ఏడని వేస్తే నిన్నడుగుతారు, ఐదని వేస్తే ఎవరూ అడగరు. నువ్వు పరుగు పరుగున వచ్చి, చూడకుండానే సంతకం గీకి పోయేదానివి. పచ్చి బాలింతవి, ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా?"

విషయం చెప్పాను. ఆయన తాళాల గుత్తిలో ఒక్కొక్క చెవినీ జరుపుతూ విన్నాడు.

"నాకింకా రెండు నెలల సర్వీసుంది తల్లీ. ఇప్పుడు దొంగ రిజిస్టర్ రాశానంటే..." పూర్తి చెయ్యలేదు. "నీ ఇష్టం. నేను నీకు మంచే చేశాననుకున్నాను."

నిజమే, మంచే చేశాడు. నాకు అందరూ మంచే చేశారు. ఇప్పుడు పిచ్చుకకి నేను చేసినట్టే.

మార్చి 13

సార్ రేపు పొద్దున నేరుగా కమిటీకే వస్తారట. ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చెయ్యలేదు. చెయ్యొచ్చు. ఫోన్లో చెప్పే సంగతి కాదు.

మార్చి 14, శుక్రవారం

ఇవ్వలేదు.

గైడ్‌కి లోపలికి పిలుపు ఉండదు. వరండాలో నిలబడ్డాను. సార్ వెళ్తూ నా భుజం మీద తట్టారు. ఆయన్ని ఆపాలి, ఆపాలి అనుకుంటూ ఉన్నాను. తలుపు మూసుకుంది. తలుపు తట్టొచ్చు. తడితే చెక్క తలుపే కదా.

ఇరవై నిమిషాలకి పిచ్చుక బయటికొచ్చింది.

"మీరు చెప్పినట్టే చెప్పాను మేడమ్. కాగితం వాళ్ళే చదివి వినిపించారు. మూడేళ్ళ తర్వాత కూడా కొలవడం రాదని నువ్వే రాసిచ్చాక, నాలుగో ఏడు ఎందుకివ్వాలి అన్నారు."

"నువ్వేమన్నావు?"

"నిజమే కదా అన్నాను."

తన కుడిచేయి ఎడమచేతిలో పెట్టుకుని చూసుకుంటోంది, అది ఎవరిదో అన్నట్టు.

మార్చి 17, సోమవారం

సార్‌కి చెప్పాను. అంతా. బస్సు, పాప, ఖాళీ గడులు, ఒకే పెన్ను. తాళాలాయన మాట తప్ప.

ఆయన కోప్పడతారనుకున్నాను. సిద్ధపడి వెళ్ళాను. కళ్ళజోడు తీసి, నీళ్ళ గ్లాసు నావైపు జరిపారు.

"నీ మనసు నాకు తెలుసమ్మా. ఆ పిల్లని చూస్తే నాకూ బాధగానే ఉంది. కానీ ఒకళ్ళని గట్టెక్కించడానికి ఇంకొకళ్ళు మునగక్కర్లేదు."

"గట్టెక్కించడానికి కాదు సార్. నిజంగానే ఏడింటికి కోశాను."

"హాస్టల్లో ఉండేదానివి కదా, ఏడెందుకవుతుంది?"

"పాప పుట్టాక ఖాళీ చేశాను."

"అయితే మీ ఆయన స్కూటర్ మీద దింపేవాడు. మర్చిపోయుంటావు."

"మాకు స్కూటర్ లేదు సార్."

లేచి వెళ్ళి, అలమరలోంచి ఒక అట్ట పుస్తకం తెచ్చి బల్ల మీద తెరిచారు. ముందే తెప్పించి పెట్టుకున్నారో, ఎప్పుడూ అక్కడే ఉంటుందో తెలియదు. ఆ పేజీలు పసుపు రంగుకి తిరిగాయి.

"ఇదిగో తాళం రిజిస్టర్. ఐదు. ఐదు. ఐదు. ఇది నీ సంతకం కాదూ?"

నాదే. ఇరవై తొమ్మిదేళ్ళ వయసులో నేను పెట్టిన సంతకం, పరుగులో గీకింది.

"నీ నోట్‌బుక్ ఐదంటోంది. రిజిస్టర్ ఐదంటోంది. అచ్చయిన పేపర్ ఐదంటోంది. ఏడంటున్నది నువ్వొక్కదానివే, అదీ పదహారేళ్ళ తర్వాత. నేను ఎవర్ని నమ్మాలి, చెప్పు? ఈ రిజిస్టర్ తప్పంటే రాసినవాణ్ణి పిలిచి అడగాలి. పిలవనా?"

వరండాలో తాళాల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"వద్దు సార్" అన్నాను.

"నాలుగు రోజులు సెలవు పెట్టు. అలిసిపోయావు."

మార్చి 18

సార్ చెప్పిందే నిజమేమో. ఆ పిల్ల మీద జాలితో ఈ ఏడు గంటలు నేనే కల్పించుకున్నానేమో. మూడు కాగితాలు ఒక మాట చెబుతుంటే నా ఒక్క జ్ఞాపకం ఎంతటిది? టార్చి కూడా గుర్తుందిగా నాకు.

మార్చి 19

కాదు. పైట తడవడం గుర్తుంది. అది కల్పించుకునేది కాదు.

మార్చి 21, శుక్రవారం

పత్రికవాళ్ళకి ఉత్తరం రాశాను, పేపర్ తప్పని. రెండు రోజులకే జవాబొచ్చింది, ఎంతో మర్యాదగా. అసలు నోట్‌బుక్కూ, సంస్థ ధ్రువీకరణ పత్రమూ, రెండో రచయిత సమ్మతీ జతచెయ్యమన్నారు. నోట్‌బుక్ నన్ను కాదంటుంది. మిగతా రెండూ సార్ దగ్గరే ఉన్నాయి.

మళ్ళీ కొలవడం ఒక్కటే దారి. విత్తనాలున్నాయి, కుండీల్లో వేశాను. నా గది కిటికీ దగ్గరే, గ్రోత్ రూమ్ ఎలాగూ ఇవ్వరు. మొలవాలి, ఆకు దళసరెక్కాలి, నీళ్ళు ఆపాలి, దాహం ముదరాలి. తక్కువలో తక్కువ తొమ్మిది వారాలు. పిచ్చుక ఈ నెలాఖరుకి హాస్టల్ ఖాళీ చెయ్యాలి. మొక్కని తొందర పెట్టే మందు ఇరవై ఏళ్ళలో ఎవరైనా కనిపెట్టారేమోనని, తెలిసి తెలిసీ వెతికాను.

కమిటీకి కూడా రాశాను. మూసేసిన విషయం తిరిగి తెరవాలంటే డిపార్ట్‌మెంట్ హెడ్ ద్వారా రావాలట.

మార్చి 25, మంగళవారం

పిచ్చుక తన అర ఖాళీ చేసింది. గాజు సామానంతా కడిగి, తుడిచి, బోర్లించి, చీటీలు అంటించి మరీ వెళ్ళింది. ఏ సీసాలో ఏముందో, ఎప్పుడు కలిపిందో, ఎన్నాళ్ళు పనికొస్తుందో. వేళతో సహా. ఇంత శుభ్రంగా అప్పగించినవాళ్ళు ఈ ల్యాబ్‌లో ఇంకెవరూ లేరు.

"మీ చేతి కింద ఇంకొకళ్ళొస్తారు కదా మేడమ్, వాళ్ళకి" అంది.

చెప్పాలి. సార్‌కి చెప్పాను, పత్రికకి చెప్పాను, కమిటీకి చెప్పాను. ఈ పిల్లకి మాత్రం ఇంకా చెప్పలేదు. ఏదో ఒకటి సరిచేసి, అప్పుడు చెబుదామనుకున్నాను. సరిచేశానని చెప్పుకోవాలని ఆశ.

మార్చి 26

చెప్పలేదు.

మార్చి 29, శనివారం

స్టేషన్‌కి వెళ్ళాను. రావద్దంది, వెళ్ళాను. రెండు సంచులు, చాపలా చుట్టిన పరుపు. ఒక సంచి నేను పట్టుకున్నాను. రైలు పదకొండింటికి, పది నిమిషాలు ఆలస్యమన్నారు. ఆ పది నిమిషాలూ లేకపోతే ఇవాళ కూడా చెప్పకపోయేదాన్నేమో.

"నీ కొలతలు సరైనవే" అన్నాను. "తప్పు నావాటిలో ఉంది. నేను లైట్లు వెలిగాక కోశాను. ఏడింటికి. ఐదని రాసుకున్నాను."

తను పట్టాల వైపు చూస్తూ ఉంది. పక్కన ఎవరో టీ డబ్బులు చిల్లర లేక వాదులాడుతున్నారు. పాప సంగతి చెప్పబోయాను. నోటిదాకా వచ్చింది. చెబితే క్షమించేస్తుంది, ఆ పిల్ల సంగతి నాకు తెలుసు. చెప్పలేదు. ఈ రెండు నెలల్లో సరిగ్గా చేసిన పని అదొక్కటేనేమో. అది కూడా సరిగ్గానే చేశానో లేదో.

"సార్‌కి చెప్పాను. నమ్మలేదు. రుజువు లేదు. మళ్ళీ మొక్కలు వేశాను, జూన్ నాటికి..."

"మీకు ఎప్పటినుంచి తెలుసు మేడమ్?"

మొన్ననే అని రాలేదు నోట. రావాలని చూశాను.

"నువ్వు మొదటిసారి వచ్చి చెప్పిన రోజు నుంచి."

అరుస్తుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. నిలబడి వేళ్ళ మీద ఏదో లెక్క పెట్టుకుంది. మొదటిసారి, రెండోసారి, రంగు మందు మార్చినప్పుడు, క్షారం మార్చినప్పుడు, తూకం పంపించినప్పుడు. అన్నిటి మీదా వెళ్ళి వచ్చినట్టుంది. ఆ లెక్క అయ్యేసరికి మొహం మారింది. ఇంటర్వ్యూ రోజున చూసిన మొహం.

"అయితే నాకు కొలవడం వచ్చు" అంది. నాతో కాదు.

"వచ్చు" అన్నాను. "నాకంటే బాగా వచ్చు."

"అది మీరు చెప్పక్కర్లేదు మేడమ్."

రైలొచ్చింది. నా చేతిలోంచి సంచి తీసుకుంది, లాక్కోలేదు, మెల్లగానే తీసుకుంది. పరుపు అందించబోతే తనే ఎత్తుకుంది. పెట్టెలో ఈ వైపు కిటికీ దగ్గర చోటు ఖాళీగానే ఉంది. అవతలి వైపు వెళ్ళి కూర్చుంది.